సెమీకండక్టర్ అంటే ఏంటి? మీ ఛార్జర్, ఎల్‌ఈడీ బల్బ్ వెనకున్న అసలు సంగతి ఇదే!

చిప్ కొరత, చిప్ ప్లాంట్లు, చిప్ ఆంక్షలు.. ఈ మధ్య న్యూస్‌లో ఇవే మాటలు తెగ వినిపిస్తున్నాయి. 2021లో అయితే చిప్‌లు దొరక్క, బుక్ చేసిన కారు కోసం జనం నెలల తరబడి ఎదురుచూశారు. ఇంతకీ ఆ చిప్‌లో ఉండే సెమీకండక్టర్ ఏం చేస్తుంది?

రాగి తీగలో కరెంట్ ఈజీగా వెళ్తుంది. రబ్బరులో వెళ్లదు. ఈ రెండింటికీ మధ్యలో ఉండేవే సెమీకండక్టర్లు. మన స్కూల్ పుస్తకాల్లో వీటినే అర్ధవాహకాలు అన్నారు. అలాగని సగం కరెంటే వెళ్తుందని అనుకోవద్దు. ఎంత వెళ్లాలో మనమే కంట్రోల్ చేయొచ్చు.. అదీ వీటి స్పెషాలిటీ.

సిలికాన్‌నే తీసుకుందాం. దీని పరమాణువు బయటి కక్ష్యలో 4 ఎలక్ట్రాన్లుంటాయి. అవి పక్క పరమాణువులతో బంధాల్లో ఇరుక్కుపోతాయి కాబట్టి స్వచ్ఛమైన సిలికాన్‌లో కరెంట్ పెద్దగా పారదు. అందుకే కావాలనే కాస్త కల్తీ చేస్తారు! 5 ఎలక్ట్రాన్లున్న ఫాస్ఫరస్ కొద్దిగా కలిపితే ఒకటి మిగిలి ఫ్రీగా తిరుగుతుంది.. ఇది ఎన్-టైప్. 3 ఉన్న బోరాన్ కలిపితే ఒక ఖాళీ ఏర్పడుతుంది.. ఇది పి-టైప్. ఈ పనినే డోపింగ్ అంటారు.

ఈ రెండూ జోడిస్తే డయోడ్. కరెంట్‌ని ఒకవైపే వెళ్లనిస్తుంది. గోడ ప్లగ్‌లోని ఏసీని మీ ఛార్జర్ డీసీగా మార్చేది దీని సాయంతోనే. ఇంకో అడుగు ముందుకేస్తే ట్రాన్సిస్టర్.. అంటే కదిలే భాగాలేవీ లేని స్విచ్. 1947లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో పుట్టిన మొదటిది సిలికాన్‌ది కాదు, జెర్మేనియంది. వేడి తట్టుకోవడంలో అది వీక్. దాంతో సిలికాన్ ఆ సీటు లాగేసుకుంది. ఇప్పుడు ఒక్క హైఎండ్ ఫోన్ ప్రాసెసర్‌లోనే వెయ్యి కోట్లకు పైగా ట్రాన్సిస్టర్లుంటున్నాయి.

అయితే అన్నింటికీ సిలికాన్ పనికిరాదు. వెలుగునివ్వడం దానికి చేతకాదు. మీ ఇంట్లో తెల్లటి ఎల్‌ఈడీ బల్బ్‌లో ఉండేది గాలియం నైట్రైడ్. దీంతో నీలి ఎల్‌ఈడీ చేసిన ముగ్గురు శాస్త్రవేత్తలకు 2014లో నోబెల్ వచ్చింది. ఇదే పదార్థం ఛార్జర్లో వాడితే వేడి తగ్గుతుంది, సైజూ తగ్గుతుంది. మార్కెట్లో 'గాన్ ఛార్జర్' అని అమ్మేవి ఇవే.

చిక్కేంటంటే, గాలియం ఉత్పత్తి దాదాపు మొత్తం చైనా చేతిలోనే ఉంది. 2023 ఆగస్టు నుంచి గాలియం, జెర్మేనియం ఎగుమతులకు చైనా లైసెన్స్ తప్పనిసరి చేసింది.

మరి మన సంగతి? 2025 ఆగస్టులో కేంద్ర కేబినెట్ ఓకే చెప్పిన నాలుగు ప్రాజెక్టుల్లో ఒకటి ఆంధ్రప్రదేశ్‌కి వచ్చింది. హెడ్డింగుల్లో 'చిప్ ఫ్యాక్టరీ' అని రాసేస్తుంటాం గానీ, అది ప్యాకేజింగ్ యూనిట్. అంటే వేరేచోట తయారైన చిప్‌కి కనెక్షన్లు ఇచ్చి, పైన కవచం వేసి, టెస్ట్ చేసి పంపే చోటు.