గడ్డిపోచ యుద్ధాలు

డిసెంబరు ఆఖర్లో మాకు పెళ్లిళ్లుండవు. తెల్లారుజామున గుడికాడ తిరుప్పావైకి ఒక హారన్ కట్టొస్తే మైకుసెట్టు బాడుగకిచ్చే నాలాంటోడికి ఆ రోజు పని అయిపోయినట్టే. ఆ తీరికలో ఒక పాత లెక్కల నోటుబుక్కు తీసి, ఆ ఏడు విన్న ఆల్బముల్లో నచ్చినవాటి పేర్లు రాసుకుంటాను. అన్నీ ఒక జాతివే. జానపద మెటల్, వైకింగ్ మెటల్. ఇంట్లోవాళ్లు పెట్టిన పేరు రేకుల మోత.

2022 పేజీలో మొదటి పేరు పశులకాపరుల దేశం మంగోలియా నుంచి వచ్చిన ద హూ బ్యాండుది. గుర్రం తల చెక్కిన రెండు తీగల వాద్యం వాయిస్తూ, గొంతు అట్టడుగు నుంచి పాడతారు. ఆ సెప్టెంబరులో వచ్చిన వాళ్ల ఆల్బం పేరు 'రంబుల్ ఆఫ్ థండర్', ఉరుము. సరిగ్గా మరుసటి నెల అనంతపురంలో నడిమివంక పొంగి కాలనీల్లోకి నీళ్లొచ్చాయి. ఏడాదంతా కలిపినా 550 మిల్లీమీటర్ల దగ్గరే వాన ఆగిపోయే ఊరు, జైసల్మేరు తర్వాత మేమేనని బళ్లో చదువుకున్న ఊరు, ఆ రాత్రి ఆంప్లిఫయర్లను అటక మీదికి ఎక్కించుకుంది. ఆ ఆల్బం పేరు పక్కన పెన్నుతో ఒక చిన్న గొడుగు బొమ్మ వేశాను.

రెండో పేరు స్వీడన్ బ్యాండు అమోన్ అమార్త్ ఆల్బం 'ది గ్రేట్ హీథెన్ ఆర్మీ'. మూడోది ఢిల్లీ కుర్రాళ్లు బ్లడీవుడ్ చేసిన 'రక్షక్', డోలు మీద మెటల్. మిగతా ఏడూ ఎవరికీ పట్టవు, వదిలేస్తున్నా.

ఈ పిచ్చి నాకు బెంగళూరులో అంటుకుంది. స్పీకర్ల రిపేరు నేర్చుకునే రోజులు. 2007 మార్చి 17న ప్యాలెస్ గ్రౌండ్స్‌లో ఐరన్ మెయిడెన్ వాయిస్తే బాక్సుల వరసలు చూద్దామని పోయాను. పాటల కోసం కాదు, నిజం. అక్కడ కలిసిన ఒక స్నేహితుడు తర్వాత ఇచ్చిన సీడీలో బాతరీ వాళ్ల 'హామర్‌హార్ట్' ఉంది. 1990 నాటిది. స్టాక్‌హోమ్‌లో క్వార్తన్ అనే పేరు పెట్టుకున్న ఒక కుర్రాడు అంతకుముందు దయ్యాల పాటలు పాడేవాడు. 1988లో 'బ్లడ్ ఫైర్ డెత్' నాటికి తన తాతల ఓడల వైపు, ఓడిన్ దేవుడి వైపు తిరిగాడు. వైకింగ్ మెటల్ అనే మాటకు బీజం అదే. 'హామర్‌హార్ట్' వచ్చిన మరుసటి ఏడే ఇంగ్లండులో స్కైక్లాడ్ బ్యాండు గిటార్ల మధ్యకు ఫిడేలు తెచ్చింది. 1994లో ఫిన్లండు వాళ్లు అమార్ఫిస్ తమ కలేవల కావ్యాన్ని ఆల్బముగా మలిచారు.

ఆ కలేవల సంగతి విన్నప్పుడు నాకు కొంచెం కుళ్లుగా అనిపించింది. కయానిలో సర్కారు డాక్టరుగా ఉన్న ఎలియాస్ లోన్‌రోట్ పల్లెలు తిరిగి ముసలోళ్లు పాడే పాటలు రాసుకొని, 1835లో ఒకసారి, 1849లో పెంచి ఇంకోసారి అచ్చువేశాడు. మాకూ తిరిగినవాళ్లున్నారు. సి.పి. బ్రౌన్ అనంతపురం పాలెగాళ్ల చరిత్రను 'రాజుల యుద్ధాలు' అనే పేరుతో 1853లో ఇంగ్లీషులో అచ్చువేయించాడు. 1874లో బాయిల్ అనే దొర తెలుగు వీరగాథల మీద ఇండియన్ యాంటిక్వరీలో రాశాడు. రెండేళ్లకు ధాత కరువొచ్చింది. గంజికేంద్రాల ముందు వరసలో నిలబడ్డవాళ్లలో పాటగాళ్లు ఎందరో, వాళ్లతో పోయిన పాటలు ఎన్నో.

వైకింగ్ పాటల్లో నాకు మొదట్నుంచీ ఒక చిక్కుంది. యుద్ధం దేనికి? ఓడెక్కి పోతారు, మఠాలు దోస్తారు, బంగారం తెస్తారు. 793లో లిండిస్‌ఫార్న్ మఠం మీద పడిందీ అందుకే, 865లో ఇంగ్లండు మీద దిగిన దండూ అందుకే. సంగీతానికి ఒళ్లు జలదరిస్తుంది గానీ, దోపిడీ అనే మాట మా మెట్టపొలాల మనిషికి గొంతు దిగదు. మా పక్క యుద్ధాలు వేరే దినుసువి.

ఆ 865 నాటికి మా పాత ఉమ్మడి జిల్లా కొసన హేమావతిలో నొలంబ రాజులు ఏలుతున్నారు. అటువైపు పోతే చేను గట్ల మీద, చెరువు కట్టల కింద వీరగల్లులు కనిపిస్తాయి. ఆడవాళ్లు పసుపు రాసి పోతుంటారు, ఎవరి రాయో ఎవరికీ తెలియదు. ఇలాంటి రాళ్లను మెటల్ వినకముందు పదిసార్లు చూశాను, విన్నాక పదకొండోసారి చూశాను. కింది అంతస్తులో ఆవులు, వాటి ముందు కత్తి, డాలు పట్టుకున్న మనిషి. పశువుల్ని తోలుకుపోయే దండుకు అడ్డం నిలబడి చచ్చాడన్నమాట. నడిమి అంతస్తులో దేవకన్యలు ఇద్దరు చెరో చెయ్యీ పట్టుకొని పైకి తీసుకుపోతున్నారు. పైన శివలింగం ముందు కూర్చున్నాడు. క్వార్తన్ పాడిన వల్హల్లా ఇదే కదా! యుద్ధంలో పడ్డవాణ్ని వాల్కిరీలు ఎత్తుకుపోయే కథ. ఒకటే తేడా. మావాడు పోయింది ఆవుల మందకోసం.

ఇంకా వెనక్కి పోవక్కర్లేదు, మా ఇంటి వ్యాపారంలోనే చూడొచ్చు. వాన మొహం చాటేసిన ఏడు ఊళ్లో చందా వేసుకొని విరాటపర్వం చదివిస్తారు, లేదా నాటకమో తోలుబొమ్మలాటో ఆడిస్తారు. నాన్న దగ్గరున్న అహూజా ఆంప్లిఫయరు, రెండు హారన్లు దాని మీదే బతికాయి. కరువొస్తే మాకు గిరాకీ. చెప్పుకోడానికి సిగ్గే. ఆ పర్వమే ఎందుకని నాన్నను అడిగాను. ధర్మరాజు దాక్కున్న చోట వానలు సకాలంలో పడతాయని భీష్ముడే చెప్పాడు కదరా అన్నాడు. అయితే ఆ పర్వంలో జనం నిద్రలేచి చూసేది భీష్ముడి మాటను కాదు, గోగ్రహణాన్ని. దక్షిణాన సుశర్మ, ఉత్తరాన కౌరవులు ఆవుల్ని తోలుకుపోతే విడిపించుకొచ్చే యుద్ధం. వాన కోసం మేము ఆడించుకునే కథలో కొట్లాట పశువుల మీదే.

ఆ పర్వాన్ని తెలుగు చేసిన తిక్కన సోమయాజి నెల్లూరు మనుమసిద్ధి ఆస్థానం మనిషి. ఆయన పెదతండ్రి కొడుకు ఖడ్గతిక్కన. గొల్లలు పాడుకునే కాటమరాజు కథలో ఈ ఖడ్గతిక్కనే అవతలి పక్క సేనాని. పదమూడో శతాబ్దపు సంగతి. కాటమరాజు సీమ ఎండిపోతే మందల్ని దక్షిణానికి తోలుకొని నెల్లూరు సీమలో దిగుతాడు. రాజు నల్లసిద్ధితో ఒప్పందం, నీళ్లకు పుట్టిన పచ్చిక ఆవులకు, పుట్టిన కోడెదూడలు పుల్లరి కింద రాజుకు. అక్కడా కరువే వచ్చింది, పచ్చిక మాడింది. వరి మాత్రం నీళ్లకు పుట్టింది కాదా అని గొల్లలు మందల్ని పైరు మీదికి వదిలారు. ఈ వాదం ఎప్పుడు విన్నా నాకు నవ్వొస్తుంది, వెంటనే భయమేస్తుంది. ఒక్క మాటకు అర్థం తేలక పంచలింగాల దగ్గర వందల తలలు తెగాయి.

ఓడి ఇంటికొచ్చిన ఖడ్గతిక్కనకు భార్య చానమ్మ స్నానానికి మంచం అడ్డంపెట్టి, దాని మీద పసుపుముద్ద ఉంచిందట. తల్లి ప్రోలమ్మ విరిగిన పాలు పోసి, వీరుడు విరిగొచ్చాడు, ఆవులూ విరిగాయి, పాలూ విరిగాయి అందట. ఆయన తిరిగి పోయి చచ్చాడు. ఐస్‌లాండు గాథల్లోనూ ఇంతే, ఇంటి ఆడవాళ్లు ఒక మాట అంటారు, మగాడు గొడ్డలి తీస్తాడు. నార్వే నుంచి నెల్లూరు దాకా ఈ దెప్పుడు మాటలకు ఉన్న పదును ఏ గిటారుకూ లేదు.

కాటమరాజు కథ పాడేవాళ్లను కొమ్మువాళ్లంటారు. కొమ్ము ఊది మొదలుపెడతారు కాబట్టి. తంగిరాల వెంకట సుబ్బారావు పూనుకొని 1970ల్లో సాహిత్య అకాడమీ చేత ఈ కథల్ని సంపుటాలుగా అచ్చువేయించాడు. అచ్చులో కొమ్ము వినపడదు, అదొక్కటే లోటు. ఫిన్లండు వాళ్లు మూన్‌సారో 2007లో ఒక ఆల్బం తెచ్చారు. దాదాపు గంటసేపు, రెండే పాటలు. నా స్నేహితులు అంతసేపా అని తిట్టుకున్నారు. కొమ్మువాళ్లు రాత్రుళ్ల తరబడి పాడతారని వాళ్లకు ఏం తెలుసు.

చెక్కభజన గురించి ఒక్క మాట. ఫారో దీవుల్లో జనం చేతులు పట్టుకొని నేలను తొక్కుతూ వీరగాథలు పాడతారు, వాద్యమే ఉండదు. అలాంటి ఒక గాథను, యెన్స్ క్రిస్టియన్ యూర్‌హూస్ అనే రైతుకవి రాసినదాన్ని, ట్యూర్ బ్యాండు 2002లో గిటార్ల మీద ఎక్కించింది. విన్నప్పుడు నాకు మా ఊరి చెక్కభజన గుండ్రంలో గజ్జెకాళ్లు నేల మీద పడే మోతే గుర్తొచ్చింది. వాళ్లకూ మైకు అక్కర్లేదు, వీళ్లకూ అక్కర్లేదు. నా వ్యాపారానికి అదొక్కటే గిట్టదు.

ఇక ఉరుము. అనంతపురానికి తనదంటూ ఒక వాద్యం ఉందంటే అదే. ఉరుముల వాళ్లు మాలపల్లెల మనుషులు. తలపాగాలు, మడమల దాకా అంగీలు, నడుముకు రంగుగుడ్డలు. అమ్మవారికి దేవర చేసినప్పుడు ఊరు వాళ్ల వెనక నడుస్తుంది, మిగతా రోజుల్లో వాళ్ల ఇళ్లు ఊరిబయట. డోలుకు ఒక పక్క పుల్లతో కొడతారు. రెండో పక్క వంకరపుల్లను చర్మం మీద ఆనించి రుద్దుతారు. రుద్దితే వచ్చేది దెబ్బ కాదు, మూలుగు. మబ్బు కడుపులో తిరుగుతున్నట్టు, ఇంకా పడని పిడుగులాంటిది. పదిమంది కలిసి రుద్దితే గిలకబావిలో నీళ్లు వణుకుతాయంటారు. నేను చూడలేదు, మా బావిలో నీళ్లు లేవు.

1996లో పక్క ఊరి దేవరకు సెట్టు కట్టాం. నాకు పదిహేనేళ్లు. ఉరుముల పెద్దాయన వరిగడ్డి మంట మీద డోలు కాపుకుంటున్నాడు. చర్మాన్ని అరచేత్తో నిమిరి, వేలితో మీటి, చెవి దగ్గర పెట్టుకొని, మళ్లీ మంటకు చూపించాడు. ఇంకాస్త, ఇంకాస్త. చర్మం ఎక్కడ బిగువు పట్టిందో మంట వెలుగులో దాని రంగు చూసి చెప్పగలడట. నేను మైకు తీసుకుపోయి డోలుకు జానెడు దూరంలో నిలబెట్టాను. కొంచెం మెల్లగా వాయించు తాతా, హారన్ తట్టుకోదు అన్నాను.

"ఏమప్పా, మైకుకు భయపడి ఉరుము తగ్గుతుందా?" అన్నాడు. తగ్గలేదు. రెండో ఆటకే యూనిట్ కాలి, హారన్ నోట్లోంచి సన్నగా పొగ వచ్చింది. జనం అమ్మవారి మహిమ అనుకొని చేతులెత్తి మొక్కారు. నాన్న ఆ రాత్రి నాతో మాట్లాడలేదు.

అమోన్ అమార్త్ ఆల్బం 2022 ఆగస్టు 5న వచ్చింది. నాలుగు రోజులకు మొహర్రం పదో నాడు. నార్పల మండలం గూగూడులో కుళ్లాయిస్వామి పీర్లు లేచే కాలం. హిందువులు, ముస్లిములు అని తేడా లేకుండా ఫకీర్లయ్యి, ఎర్రదారాలు కట్టుకొని, చక్కెర చదివించుకుంటారు. ఆ చుట్టుపక్కల ఒక పల్లెలో నాకు సెట్టు ఒప్పందం. చెవిలో ఇయర్‌ఫోను, కత్తుల పాట. కళ్లముందు నిప్పుల గుండం, తప్పెట్లు, పూలదండల్లోంచి మెరిసే పీర్లు. అవి లోహపు పంజాలే, అసలు సిసలు మెటల్ అని నాలో నేనే నవ్వుకున్నాను. పీరును ఎత్తుకున్న మనిషి గుండంలో దిగినప్పుడు ఇయర్‌ఫోను పీకేశాను.

పీర్ల పాటల్లో ఉన్నదీ యుద్ధమే. 680లో కర్బలా. హుసేను గుడారానికి నది నీళ్లు అందకుండా అడ్డం కట్టారు. పిల్లలు దప్పికకు అల్లాడుతుంటే ఆయన తమ్ముడు అబ్బాసు తోలుతిత్తి తీసుకొని నదికి పోయాడు, చేతులు తెగి పడ్డాడు. ఆ దినాల్లో పానకం పంచేది అందుకే. వీధి మొగదల స్టీలు గంగాళం ముందు ఒక ముసలవ్వ తనకు పోసిన పానకం గ్లాసును పక్కనున్న పిల్లోడికి ఇచ్చి, కథలోని అబ్బాసు తన మనవడయినట్టు, "నీళ్లకు పోయి చచ్చిపోయినాడు నాయనా" అంటోంది. వేల కథలున్న దేశంలో మా పల్లెలు పట్టుకున్నవి ఇవి: గడ్డికి చచ్చినవాడు, మందకు చచ్చినవాడు, నీళ్లకు చచ్చినవాడు. బంగారానికి పోయి చచ్చినవాడికి మేము పాట కట్టలేదు.

ఆ డిసెంబరులో పది పేర్లు రాసేశాక అటక మీది ఆంప్లిఫయర్లు దించుతుంటే క్యాసెట్ల డబ్బా దొరికింది. ఒకదాని మీద నా చేతిరాత: దేవర, 1996. ఆ దేవర రాత్రి డెక్కులో పెట్టి రికార్డు చేసింది అదే. తర్వాత ఒక పెళ్లికి క్యాసెట్లు చాలక దాని మీదే సినిమా పాటలు ఎక్కించాను. ఎవరినీ తిట్టుకోడానికి లేదు, నేనే. అయినా వేసి విన్నాను. ఆఖరి పాట అయిపోయింది, కాసేపు టేపు గరగర. ఆ తర్వాత, పాటలు చాలక మిగిలిన కొసన, ఉరుము. ముప్పై నలభై సెకన్లు ఉంటుందేమో. మూలుగు పైకి లేస్తోంది. దాని వెనక, చాలా దూరం నుంచి, నాన్న గొంతు:

"వాల్యూము తగ్గించురా, యూనిట్ పోతుంది."