సముద్రం లేని దీవి

ఇంగ్లండ్‌లో డర్బీషైర్ కొండల మధ్య ఒక చిన్న ఊరుంది. పేరులో నాలుగే అక్షరాలు: ఈ, వై, ఏ, ఎమ్. చూసి చదివితే 'ఇయామ్' అనో 'అయామ్' అనో అంటాం. అక్కడివాళ్లు మాత్రం 'ఈమ్' అంటారు.

ఈ పేరు తొలిసారి కనిపించేది 1086 నాటి డూమ్స్‌డే బుక్‌లో. ఇంగ్లండ్‌ను గెలిచిన నార్మన్ రాజు మొదటి విలియమ్, ఎవరి చేతిలో ఎంత భూమి ఉందో తేల్చుకోవడానికి లాటిన్‌లో రాయించిన లెక్కల పుస్తకం అది. అందులో మన ఊరి స్పెల్లింగ్ ఏ, ఐ, యు, ఎన్, ఈ. ఇప్పటి పేరుతో పోలికే లేదనిపిస్తుంది.

లోపలి మాట మాత్రం ఒకటే. పాత ఇంగ్లీషులో 'ఏగ్' అంటే దీవి. రాతలో 'గ' ఉన్నా నోట్లో పలికేది 'య'. దానికి బహువచన విభక్తి చేరితే 'ఏగుమ్', అంటే 'దీవుల దగ్గర'. "ఎక్కడుంటావు?" అంటే చెప్పే జవాబే ఊరి పేరైపోయిందన్నమాట. ఇప్పటి పేరు చివర మిగిలిన 'మ్' ఆ విభక్తి గుర్తే.

కొండల్లో దీవులేమిటి? రెండు వాగుల మధ్య నేల కావచ్చు, బీడు మధ్య సాగుకు పనికొచ్చే చెక్క కావచ్చు. గోదావరి పాయల మధ్య నేలని మనం లంక అంటాం కదా, దాదాపు అలాంటి మాటే.

1665లో లండన్ నుంచి వచ్చిన బట్టల మూటతో ఈ ఊళ్లోకి ప్లేగు వచ్చిందని చెబుతారు. మరుసటి ఏడాది చర్చి పెద్ద విలియమ్ మోంపెసన్, అంతకుముందు ఆ పదవిలో ఉన్న థామస్ స్టాన్లీ కలిసి జనాన్ని ఒప్పించారు: జబ్బు చుట్టుపక్కలకి పాకకూడదు, ఎవరూ పొలిమేర దాటొద్దు. బయటివాళ్లు సరిహద్దు దగ్గర తిండి పెట్టి వెళ్లేవారు. వీళ్లు రాతి గుంటల్లో వెనిగర్ పోసి, అందులో డబ్బులు వేసేవారు. 1666 చివరికి ప్లేగు ఆగింది. చనిపోయినవాళ్లు 260 మంది అని ఊరి లెక్క.

ఊరు నిజంగానే దీవైపోయింది. పేరు ముందే జోస్యం చెప్పిందని అనాలనిపిస్తుంది. కానీ ప్లేగు నాటికే ఆ పేరు పుస్తకానికెక్కి దాదాపు 580 ఏళ్లు. ఆ పేరు పెట్టినవాళ్లకి దీవి అంటే ఏకాంతం కాదు, బతకడానికి దొరికిన మంచి నేల. తలుపులు మూసుకున్న ఊరు అన్న అర్థం మన చదువులోంచి వచ్చింది. ఆ 260 మందికి అది 'ఈమ్', అంతే. వాళ్ల ఊరు.