రాకాసి గూళ్ళు



నాది యానాంలోని అగ్రహారం. మా నేలలో రాయి పుట్టదు. అంతా గోదావరి తెచ్చి పరిచిన ఒండ్రు. ఇంటి పునాదికి కంకర కావాలన్నా, రుబ్బురోలు కావాలన్నా ఎగువనుంచి రావలసిందే. అలాంటి చోటినుంచి వచ్చినవాణ్ణి, ఈ వేళ మీకు రాళ్ళ కబురు చెబుతాను. అందులోనూ సమాధి రాళ్ళ కబురు.

మా యానాం పక్కగా పారే ఈ గోదావరి వెంటే భద్రాచలం దాటి ఎగువకు వెళితే, భద్రాద్రి కొత్తగూడెం జిల్లా పినపాక మండలంలో జానంపేట వస్తుంది. అక్కడ అడవి అంచున పెద్ద పెద్ద రాతిపలకలు నిలబెట్టి, పైన ఇంకో బండను కప్పుగా వేసిన గూళ్ళు కనిపిస్తాయి. చుట్టూ గుండ్రంగా రాళ్ళు పేర్చి ఉంటాయి. కొన్నింటి లోపల ఒకే రాతిని తొలిచి చేసిన తొట్టి ఉంటుంది. చనిపోయినవారిని, వారి ఎముకలను అందులో ఉంచేవారు. ఊళ్ళోవారు వీటిని రాకాసి గూళ్ళంటారు. ఇంత బరువు ఎత్తడం మనుషుల వల్ల అయ్యే పనా అని వారి ప్రశ్న.

ఈ ప్రశ్న మన ఒక్కరిదే కాదు. మా యానాం 1954 దాకా ఫ్రెంచివారి ఏలుబడిలో ఉంది కదా, ఆ ఫ్రాన్సు దేశానికే పడమటి కొసన బ్రిటనీ అనే సీమ ఉంది. అక్కడ కార్నాక్ అనే ఊరి దగ్గర మూడు వేలకు పైగా నిలువురాళ్ళు బారులు తీరి ఉన్నాయి. తనను తరిమిన సైనికులను ఒక సాధువు అలా రాళ్ళు చేశాడని అక్కడివారి కథ. మన కృష్ణ ఒడ్డున, నారాయణపేట జిల్లా ముడుమాల్‌లోనూ నిలువురాళ్ళున్నాయి. అవీ ఒకప్పుడు మనుషులేననీ, శాపంతో రాళ్ళయ్యారనీ అక్కడి కథ. డోల్మెన్, మెన్‌హిర్ అని పుస్తకాల్లో కనిపించే మాటలు బ్రిటనీవారి భాషనుంచి వచ్చినవే. మొదటిది రాతిబల్ల, రెండోది పొడుగురాయి.

ఈ పోలిక చూసి తికమకపడ్డవారు లేకపోలేదు. మెడోస్ టేలర్ అనే ఆంగ్లేయుడు పందొమ్మిదో శతాబ్దం నడుమ సురపురం సీమలో ఇటువంటి సమాధులను తవ్వించి, వాటిని ఐరోపా సమాధులతో పోల్చాడు. రెండింటినీ ఒకే జాతి కట్టిందేమోనని ఆ రోజుల్లో చాలామంది అనుకున్నారు. కాలం లెక్క తేలాక ఆ ఊహ నిలవలేదు. ఐర్లండులోని న్యూగ్రేంజ్ సమాధి దిబ్బ సుమారు 5,200 ఏళ్ళనాటిది. దాన్ని కట్టినవారికి లోహం తెలియదు. మన సమాధుల్లో ఎక్కువ భాగం ఇనుపయుగానివి. లోపల ఎముకలతోపాటు నలుపు, ఎరుపు కలిసిన కుండలు, ఇనుప కత్తులు, బల్లేలు దొరుకుతాయి.

మనుషులు వేరు, కాలం వేరు. కానీ చనిపోయినవాడికీ ఒక ఇల్లు ఉండాలన్న తలపు ఒక్కటే. న్యూగ్రేంజ్‌లో డిసెంబరు నెలలో పగలు బాగా కురచైనప్పుడు, ఉదయపు ఎండ సన్నటి దారిగుండా లోపలి గదిదాకా పోతుంది. ముడుమాల్ రాళ్ళ వరసలకూ సూర్యుడి నడకతో పొత్తు ఉందని పరిశోధకులు అంటున్నారు. అక్కడ ఒక రాతిమీద సప్తర్షి మండలం పోలికలో గుంటలు తొలిచి ఉన్నాయి. ఇది రాకాసుల పనా? తిథి, దిక్కు చూసి కర్మచేసే మనబోటి మనుషుల పనే. ఆ కుండలు చూస్తే, పోయినవారికి ఇష్టమైనది వండి విస్తరిలో పెట్టే మన ఆనవాయితీ గుర్తుకు రాదూ?

అయితే ఒక సంగతి ఒప్పుకోవాలి. రాకాసి అన్న పేరు మన పెద్దల ఘనతను లాక్కుంది గానీ, వారి గోరీలను కాపాడిందీ ఆ పేరే. ఆ భయంతోనే నాగలి పక్కకు తిరిగింది. ఇప్పుడు భయం పోయింది. దాని స్థానంలోకి రావలసిన తెలివిడి ఇంకా రాలేదు. పలకలు గట్లకు, కల్వర్టులకు పోతున్నాయి. నిధి ఉందన్న ఆశతో రాత్రిపూట తవ్వేవారు ఎముకలను చిందరవందర చేస్తున్నారు. నీరు మింగేది వేరే. నాగార్జునకొండ లోయ మునగకముందు, 1954 నుంచి 1960 దాకా జరిగిన తవ్వకాల్లో ఇటువంటి సమాధులు కూడా బయటపడ్డాయి. పోలవరం ముంపులో ఉన్న వేలేరుపాడు మండలం రుద్రమకోటలోనూ 2017లో పురావస్తు శాఖవారు తవ్వి చూశారు.

కార్నాక్ పరిసరాల్లోని రాళ్ళు 2025లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కాయి. అదే ఏడు ముడుమాల్ తాత్కాలిక జాబితాలో చేరింది. సంతోషమే. కానీ జాబితాకెక్కని గూళ్ళు మన సరిహద్దు జిల్లాల పొలాల్లో ఎన్నో. వాటికి కాపలా ఆ పొలం రైతే.

కనుక మీ చేలో గుండ్రంగా పేర్చిన పాతరాళ్ళు కనబడితే కదపకండి. బడి పంతులుగారికో, తహసీల్దారు కచేరీకో చెప్పండి. కుండ ఎముకకు ఏ పక్కన ఉంది, తల ఏ దిక్కుకుంది అన్నదే అక్కడ చరిత్ర. కుండ ఒక్కటే ఇంటికి తెచ్చుకుంటే మిగిలేది కుండే.

వెళ్ళి చూడాలనుకునేవారు పిల్లల్ని కూడా తీసుకువెళ్ళండి. ఎవరు కట్టారని వాళ్ళు అడిగితే రాకాసులని చెప్పకండి. మన పెద్దలని చెప్పండి.