అవనిగడ్డలో ఒక బయాస్ అప్‌డేట్

బందరు బస్సు చల్లపల్లి, మోపిదేవి దాటింది. పులిగడ్డ దగ్గర కృష్ణ రెండు పాయలవుతుంది. అందులో ఒక పాయ దాటితే దివిసీమ. డిసెంబరు ఎండ ఇంకా ముదరలేదు, రోడ్డు వారన పనలు ఆరుతున్నాయి. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను తీరం దాటినప్పుడు నేలకి ఒరిగిన చేలు కొన్ని అలాగే ఉన్నాయి. వాటిల్లో మిషన్ దిగదు, కూలీలే వంగి కోస్తున్నారు. కిటికీ పక్కన కూర్చున్న కంప్యూటర్ మెకానిక్‌కి ముప్పై ఏళ్లుంటాయి. ఒళ్లో ఉన్న నల్ల బ్యాగు కింద పెట్టడు. అందులో స్క్రూడ్రైవర్లు, థర్మల్ పేస్టు ట్యూబు, రెండు పెన్‌డ్రైవ్‌లు, వాటితోపాటు ఒక చిన్న అట్టపెట్టె. పెట్టె మీద రైజెన్ 5 5600జీ అని రాసి ఉంది.

అవనిగడ్డలో దిగగానే డీఎస్సీ కోచింగ్ బోర్డులు పలకరిస్తాయి. టీచరు ఉద్యోగం కోసం ఎక్కడెక్కడి జిల్లాల పిల్లలో ఇక్కడికి వచ్చి, గదులు అద్దెకి తీసుకుని చదువుతారు. 2025 ఏప్రిల్‌లో 16,347 పోస్టులతో మెగా డీఎస్సీ ప్రకటన వచ్చింది. దరఖాస్తు ఆన్‌లైన్, హాల్‌టికెట్ ఆన్‌లైన్, పరీక్ష కూడా కంప్యూటర్ మీదే. అలాంటి ఊళ్లో ఒక నెట్ సెంటర్‌లో సిస్టమ్ పడుకుంటే నష్టపోయేది ఆ షాపు ఒక్కటే కాదు.

మనం వెళ్తున్నది అలాంటి సెంటరుకే. షట్టరు సగం ఎత్తి ఉంది. లోపల రెండు సిస్టమ్‌లు, ఒక జెరాక్స్ మిషన్, ఒక లేజర్ ప్రింటర్. నడిపే ఆవిడ టెట్ హాల్‌టికెట్లు ప్రింట్ తీసిస్తూనే తలెత్తి చూసింది.

"వచ్చావా తమ్ముడూ. ఇంకో ముగ్గురున్నారు, వీళ్లని పంపించేసి ఆపేస్తా."

"తొందరేం లేదక్కా, కానీండి. నాకు ముందు వేరే పనుంది."

పెద్ద సిస్టమ్ 2018లో కొన్నది. ఏ320 చిప్‌సెట్ బోర్డు, రైజెన్ 3 1200 ప్రాసెసర్, ఒక జీటీ 710 గ్రాఫిక్స్ కార్డు. ఇన్నేళ్లూ ఏ ఇబ్బందీ పెట్టలేదు. కానీ 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు ఆగిపోయింది. జనం ఆధార్ నంబర్లు, బ్యాంకు పాస్‌బుక్కులు తెచ్చి ఇచ్చే చోట భద్రతా అప్‌డేట్లు రాని సిస్టమ్ నడపకూడదు. పోనీ విండోస్ 11 వేద్దామంటే 2017 నాటి రైజెన్ 1000 సిరీస్‌ని అది ఒప్పుకోదు. తర్వాతి ఏడాది వచ్చిన 2000 సిరీస్ రైజెన్‌లలో చాలావాటిని ఒప్పుకుంటుంది. ఒక్క ఏడాది తేడాతో ఈ సిస్టమ్ గీతకి అవతల పడింది. కొత్త తరం రైజెన్ కొనాలంటే బోర్డూ మారాలి, ర్యామూ డీడీఆర్5 కావాలి. బోర్డు ఉంచి ప్రాసెసర్ ఒక్కటే మారిస్తే సరిపోతుందని మెకానిక్ లెక్క. నా లెక్కా అదే. బతికున్న బోర్డుని చెత్తలో వేయడం డబ్బు దండగ, నేలకీ చేటు.

అయితే కొత్త ప్రాసెసర్ తెచ్చి సాకెట్లో పెట్టగానే పని చేయదు. బోర్డు మీద ఎనిమిది కాళ్ల చిన్న నల్ల చిప్ ఒకటి ఉంటుంది. పవర్ బటన్ నొక్కగానే ప్రాసెసర్ చదివే మొదటి ప్రోగ్రాము, అంటే బయాస్, ఉండేది అందులోనే. ప్రతి రకం ప్రాసెసర్‌ని ఎలా లేపాలో, ర్యామ్‌తో ఎలా కలపాలో చెప్పే కోడ్‌ని రైజెన్ కంపెనీ ఏఎండీ తయారుచేసి బోర్డు కంపెనీలకు ఇస్తుంది, వాళ్లు దాన్ని బయాస్‌లో కలుపుతారు. 2018 నాటి బయాస్‌కి 2021లో వచ్చిన 5600జీ ఎవరో తెలియదు. హాజరుపట్టీలో పేరు ఎక్కని పిల్లాడు బడికొచ్చి కూర్చున్నా హాజరు పడనట్టే, ఫ్యాన్లు తిరుగుతాయి గానీ తెర మాత్రం నల్లగానే ఉంటుంది.

ఈ హాజరుపట్టీకి కాగితం చాలకపోవడం పెద్ద కథే. ఈ తరం బోర్డుల్లో చాలావాటికి బయాస్ చిప్ 16 మెగాబైట్లే. వీటి ఏఎం4 సాకెట్లోకి తరం తర్వాత తరం ప్రాసెసర్లు వస్తుంటే చిప్‌లో చోటు ఇరుకైంది. కొన్ని కంపెనీలు బొమ్మల మెనూలు తీసేసి సాదా మెనూలు పెట్టాయి, కొన్ని మరీ పాత ప్రాసెసర్ల కోడ్ తీసేశాయి. 2020 మేలో ఏఎండీ, రాబోయే జెన్ 3 తరం ప్రాసెసర్లను (5600జీ ఆ తరానిదే) 400 సిరీస్ బోర్డులకు కూడా ఇవ్వబోనంది. కొన్నవాళ్లు గట్టిగా నిలదీస్తే ఆ నెలలోనే మాట మార్చుకుంది. ఏ320, బీ350 లాంటి 300 సిరీస్ బోర్డులకు ఆ అవకాశం అధికారికంగా 2022లో గానీ రాలేదు. ఈ రోజు అవనిగడ్డలో ఈ పని జరుగుతోందంటే దాని వెనక ఎక్కడెక్కడో కొన్నవాళ్లు పట్టిన పట్టు ఉంది. పాత వస్తువుకి హక్కు అడగడం ఊరికే పోదు.

హాల్‌టికెట్ల పిల్లలు వెళ్లిపోయారు. మెకానిక్ కేబినెట్ పక్క రేకు తీశాడు. సముద్రం ఈ ఊరికి మరీ దూరం కాదు, ఉప్పుగాలి లోపలికీ వచ్చింది. వెనక పోర్టుల రేకుల మీద తుప్పు చుక్కలు, ఫ్యాన్ రెక్కల మీద జిడ్డు దుమ్ము. బ్రష్‌తో దులిపి, టార్చి వేసి బోర్డు మీద అచ్చువేసిన పేరు, మూలన ఉన్న రివిజన్ నంబరు చదివి చీటీ మీద రాసుకున్నాడు. ఒకే పేరుతో రెండు రివిజన్లుంటాయి, ఒకదాని ఫైలు ఇంకోదానికి ఎక్కించకూడదు. తర్వాత విండోస్‌లో ఎంఎస్‌ఇన్ఫో32 తెరిచి ఇప్పుడున్న బయాస్ వెర్షన్, తేదీ చూశాడు. చీటీ పక్కన పెట్టుకుని బోర్డు కంపెనీ సైట్లో ప్రాసెసర్ల పట్టిక తీశాడు. 5600జీ ఉంది, ఏ వెర్షన్ నుంచి పనిచేస్తుందో ఎదురుగా రాసి ఉంది. అదే వెర్షన్‌లో 1200 కూడా ఉందా అని మళ్లీ చూశాడు. ఉంది. లేకపోతే బయాస్ మార్చిన మరుక్షణం పాత ప్రాసెసర్ కూడా పనిచేయక, ముందుకీ వెనక్కీ కాకుండా పోయేది.

"ఒకేసారి పైకి ఎక్కదక్కా. మధ్యలో ఇంకో వెర్షన్ వేసి, దాని మీద ఇది వెయ్యాలంట."

"రెండుసార్లా? మధ్యలో కరెంటు పోతే?"

అసలు ప్రశ్న అదే. బయాస్ రాయడమంటే చిప్‌లో పాతది చెరిపి కొత్తది రాయడం. చెరిపాక, రాయకముందు కరెంటు పోతే బోర్డుకి మొదటి ప్రోగ్రామే మిగలదు. డెల్టా చివరన ఉన్న ఊళ్లో ఈ భయం ఊరికే వచ్చింది కాదు. తీగల మీద కొబ్బరాకు పడినా చాలు.

మెకానిక్ బల్ల కింద ఉన్న యూపీఎస్‌ని చూశాడు. ప్రింటర్ ప్లగ్ దాంట్లోంచి పీకేశాడు. సిస్టమ్‌ని బయాస్ మెనూలోకి తెచ్చి వదిలి, గోడ స్విచ్ కట్టేశాడు. బీప్... బీప్... చూస్తుండగానే తెర ఆరిపోయింది.

"బ్యాటరీ పోయిందక్కా. ఎన్నేళ్లయింది?"

"సిస్టమ్‌తో వచ్చిందే."

ఇన్నేళ్లూ ఆ పెట్టె బల్ల కింద పచ్చలైటు వెలిగించుకుని కూర్చుంది. లోపల 12 వోల్టుల బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయింది. ఇంటి ఇన్వర్టర్ ఉందిగా అంటే మెకానిక్ తల అడ్డంగా ఊపాడు. కరెంటు నుంచి బ్యాటరీకి మారే ఆ రెప్పపాటులో సిస్టమ్ రీస్టార్ట్ కావచ్చు, బయాస్ రాసేటప్పుడు ఆ రెప్పపాటు చాలు. ఆవిడ పక్క జెరాక్స్ షాపుకి వెళ్లి, వాళ్ల యూపీఎస్ ఒక గంట అడిగి, తనే రెండు చేతులతో మోసుకొచ్చింది. మళ్లీ పరీక్ష. గోడ స్విచ్ కట్టేస్తే బీప్‌లు వస్తున్నాయి, తెర వెలుగుతూనే ఉంది. ఇద్దరూ టీ తాగి గ్లాసులు కింద పెట్టేదాకా కూడా వెలుగుతూనే ఉంది. అప్పుడు స్విచ్ వేశాడు. నన్నడిగితే ఈ పని మొత్తంలో అన్నిటికన్నా విలువైనవి ఆ టీ నిమిషాలే.

పెన్‌డ్రైవ్‌ని ఫ్యాట్32లో ఫార్మాట్ చేసి, జిప్ విప్పి ఫైలు దాంట్లో పెట్టాడు. బయాస్ సెట్టింగులు ఫోన్లో ఫొటోలు తీసుకుని, అన్నీ మొదటి స్థితికి మార్చాడు. తెర మీద ఒక క్షణం అమెరికన్ మెగాట్రెండ్స్ అన్న పేరు మెరిసింది. 1985లో అమెరికాలోని జార్జియాలో సుబ్రమోనియన్ శంకర్, పాట్ శర్మ కలిసి పెట్టిన కంపెనీ అది. చెన్నైలోనూ దానికి ఆఫీసుంది. ప్రపంచంలో లెక్కలేనన్ని బోర్డులు కళ్లు తెరిచేది వాళ్ల కోడ్‌తోనే.

మొదటి ఫైలు ఎంచుకుని ఎంటర్ నొక్కాడు. చెరుపుతున్నట్టు ఒక గీత, రాస్తున్నట్టు ఇంకో గీత, సరిచూస్తున్నట్టు మూడోది. షాపులో ఎవరూ మాట్లాడటం లేదు. ఎవరో కుర్రాడు గుమ్మంలోకొచ్చి "అక్కా, కలర్ ప్రింట్..." అనబోతే ఆవిడ చేత్తోనే ఆగమంది. గీత నిండింది. సిస్టమ్ తనంతట తనే ఆరి, వెలిగింది. రెండో ఫైలుకీ అంతే. కాకపోతే ఈసారి రీస్టార్ట్ అయ్యాక తెర నల్లగా ఉండిపోయింది. ఫ్యాన్ తిరుగుతోంది, అంతకుమించి ఏమీ లేదు. ఆవిడ చెయ్యి పవర్ బటన్ వైపు వెళ్లింది.

"ముట్టుకోమాకండక్కా! ర్యామ్‌ని మళ్లీ సరిచూసుకుంటోంది. దాని పని దాన్ని చేసుకోనివ్వండి."

ఎందుకంత గట్టిగా అరిచాడో తర్వాత చెప్పాడు. అతను పని నేర్చుకున్నది గుడివాడలో, చిప్‌లెవెల్ రిపేర్లు చేసే ఒక పెద్దాయన దగ్గర. పొద్దున్నే బందరులో రైలెక్కి పెడన, కవుతరం మీదుగా గుడివాడ చేరి, రాత్రికి తిరిగొచ్చేవాడు. ఇలా సగంలో ఆపేసిన బోర్డులు అక్కడికి వస్తుండేవి. ఎనిమిది కాళ్ల చిప్‌కి క్లిప్ తగిలించి, సీహెచ్341ఏ అనే చిన్న యూఎస్‌బీ ప్రోగ్రామర్‌తో బయట నుంచి బయాస్ రాసేవారు. ఏఎం4 బోర్డుల్లో చాలావాటి చిప్‌లు 1.8 వోల్టులవి, ఆ ప్రోగ్రామర్ ఇచ్చేది అంతకన్నా ఎక్కువ. మధ్యలో అడాప్టర్ పెట్టకపోతే చిప్పే మాడిపోవచ్చు. కొన్ని బోర్డులు బతికేవి, కొన్ని బతికేవి కావు. ఆ బల్ల దగ్గర కూర్చున్నవాడికి నల్ల తెర ముందు ఓపిక పట్టడం ఎవరూ వేరే నేర్పక్కర్లేదు.

తెర వెలిగింది. కొత్త వెర్షన్ నంబరు, 2022 నాటి తేదీ. ప్రాసెసర్ పేరు దగ్గర ఇంకా పాత 1200.

ఇప్పుడు మార్పిడి. ముందు సిస్టమ్‌ని కాసేపు నడిపి ప్రాసెసర్‌ని వేడెక్కించాడు. ఎండిన పేస్టు మెత్తబడాలి. ప్లగ్ పీకి, కూలర్ నాలుగు స్క్రూలూ ఎదురెదురు మూలల వరసలో కొంచెం కొంచెంగా వదులు చేశాడు. పైకి లాగలేదు. ముందు అటూ ఇటూ మెల్లిగా తిప్పాడు. ఏఎం4లో పిన్నులు ప్రాసెసర్‌కే ఉంటాయి, మొత్తం 1331. కూలర్‌ని ఒక్కసారిగా లాగితే ప్రాసెసర్ దానికి అంటుకుని సాకెట్లోంచి ఊడొస్తుంది, పిన్నులు వంగుతాయి. చిన్న చప్పుడుతో కూలర్ విడింది. మీట ఎత్తి పాత ప్రాసెసర్ తీసి, కొత్తదాని పెట్టెలోనే భద్రంగా పెట్టాడు. బంగారు రంగు త్రికోణం మూలకి మూల సరిచూసుకుని 5600జీని వదిలాడు. నొక్కకుండానే దిగింది. కొత్త పేస్టు, కూలర్, స్క్రూలు. 5600జీలో గ్రాఫిక్స్ ఉన్నాయి కాబట్టి జీటీ 710 తీసేసి, మానిటర్ తీగ బోర్డుకే పెట్టాడు.

బటన్ నొక్కాక మళ్లీ నల్ల తెర, మళ్లీ ఎదురుచూపు. ఆ తర్వాత తెల్ల అక్షరాలు: కొత్త ప్రాసెసర్ వచ్చింది, ఎఫ్‌టీపీఎంని మళ్లీ మొదలుపెట్టాలా, వై నొక్కాలా, ఎన్ నొక్కాలా. తాళంచెవులు దాచే చోటే ఈ ఎఫ్‌టీపీఎం. డిస్కుకి బిట్‌లాకర్ తాళం వేసి ఉంటే ఇక్కడ వై నొక్కే ముందు రికవరీ కీ చేతిలో ఉండాలి, లేకపోతే ఫైళ్లు అందవు. ఈ సిస్టమ్‌కి ఆ తాళం లేదని మెకానిక్ పొద్దునే చూసుకున్నాడు. వై నొక్కాడు.

రైజెన్ 5 5600జీ. ఆరు కోర్లు, పన్నెండు థ్రెడ్లు.

ఆవిడ కుర్చీ దగ్గరికి లాక్కుని ఆ లైను రెండుసార్లు చదివింది.

మిగతాది చకచకా అయిపోయింది. పాత పద్ధతిలో ఉన్న డిస్కుని ఎంబీఆర్2జీపీటీతో మార్చి, సెక్యూర్ బూట్ పెట్టి, విండోస్ 11 ఎక్కించడం మొదలుపెట్టాడు. పక్క షాపు యూపీఎస్ తిరిగి ఇచ్చేశారు. మధ్యాహ్నం దాటేసరికి ఇందాకటి కుర్రాడు కలర్ ప్రింట్ కోసం మళ్లీ వచ్చాడు, ఆవిడ ఇదే సిస్టమ్ మీద తీసిచ్చింది.

మీ ఇంట్లోనో షాపులోనో ఇలాంటి సిస్టమ్ ఉంటే పారేయకండి. ప్రాసెసర్ కొనకముందే బోర్డు పేరు, రివిజన్, ఇప్పుడున్న బయాస్ వెర్షన్ కాగితం మీద రాసుకుని, బోర్డు కంపెనీ పట్టికలో వెతకండి. పట్టికలో లేని ప్రాసెసర్ ఎంత చవగ్గా వచ్చినా కొనకండి. బయాస్ మార్చేది పాత ప్రాసెసర్ బోర్డు మీద ఉండగానే. అంతకన్నా ముందు, గోడ స్విచ్ కట్టేసి మీ యూపీఎస్ ఎంతసేపు నిలబడుతుందో ఒకసారి చూసుకోండి.