గిద్ద నుంచి కుంచం దాకా

మా నాయనమ్మ వేలిముద్ర మనిషి. కానీ శ్రీకాకుళం జిల్లాలోని మా ఊళ్లో నూర్పులయ్యాక, ఆమె కళ్లంలోకి వస్తేగాని కొలత మొదలయ్యేది కాదు. మొదటి కుంచాన్ని 'ఒకటి' అనకుండా 'లాభం' అనేవారు. ఆ తర్వాత రెండు, మూడు అంటూ సాగేది. ఎన్ని కుంచాలకు ఎన్ని తూములో, అందులో కౌలు రైతుకెంతో, మాకెంతో ఆమె నోటిలెక్కనే తేల్చేది. "నాకు లెక్కలు రావే" అని నేను ఏడిస్తే, "నాకూ రావురా, కొలత వచ్చు" అనేది. ఆ రెండూ ఒకటేనని తెలియడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది.

మా ఇంటి కొలతలు ఇవీ: రెండు గిద్దలు అరసోల, రెండు అరసోలలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, రెండు మానికలు అడ్డ, రెండు అడ్డలు కుంచం. ప్రతి మెట్టూ రెట్టింపే. కుంచానికి 64 గిద్దలు. ఆపైన నాలుగు కుంచాలు తూము, ఇరవై తూములు పుట్టి.

ఇందులో ఒక తమాషా ఉంది. గిద్ద నుంచి అడ్డ దాకా ఆరు కొలపాత్రలుంటే చాలు, ఒక్కోదాన్ని ఒక్కసారికి మించి వాడకుండా 1 నుంచి 63 గిద్దల వరకు ఏదైనా కొలవవచ్చు. 45 గిద్దలు కావాలా? అడ్డ, తవ్వ, సోల, గిద్ద: 32, 8, 4, 1. వాడినదానికి 1, వాడనిదానికి 0 రాస్తే 101101. కంప్యూటర్ 45ను దాచుకునే పద్ధతి సరిగ్గా ఇదే. ఇంజినీరింగ్‌లో దీన్ని ద్విసంఖ్యామానం పేరుతో మళ్లీ నేర్చుకున్నాను.

డబ్బూ అలాగే నడిచేది. రూపాయి, అర్ధరూపాయి, పావలా, బేడ, అణా, అర్ధణా, కానీ. ఆరుసార్లు సగం చేస్తే రూపాయికి 64 కానీలు. భిన్నాలకు తెలుగులో వేరే అంకెలే ఉండేవి. అవి పదితో కాక నాలుగుతో భాగించుకుంటూ పోయేవి. పావులో పావు వీసం, వీసంలో పావు కాణి.

అసలు ఈ సగాల మీద అంత మోజెందుకు? రాశిని పది సమభాగాలు చేయాలంటే లెక్క రావాలి. రెండు చేయడానికి త్రాసు చాలు, కన్ను చాలు. చదువురాని కౌలు రైతు కూడా తనకు అన్యాయం జరిగిందో లేదో అక్కడికక్కడే చూసుకోగలడు. ఆ గణితాన్ని పుట్టించింది పండితుల సరదా ఒక్కటే కాదు, మోసపోకూడదన్న అవసరం కూడా.

పండితుల సరదాకూ లోటు లేదు. మహావీరాచార్యుడు 9వ శతాబ్దంలో సంస్కృతంలో రాసిన గణితసారసంగ్రహాన్ని పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. ఆయనదిగా పేరొందిన ఒక పద్యాన్ని మన బడిలో తెలుగు మాస్టారు ఓ వాన రోజున బోర్డు మీద రాశారు. చదరంగం గడుల్లో ఒకటి, రెండు, నాలుగు అంటూ రెట్టింపు చేస్తూ పోతే 64 గడుల మొత్తం ఎంత? జవాబంతా మాటల్లోనే ఉంది. చంద్రుడంటే 1, అగ్ని 3, వేదాలు 4, బాణాలు 5, ఆకాశం 0. ఒకట్ల స్థానం నుంచి మొదలుపెట్టి ఎడమకు రాసుకుంటూ పోవాలి. "సరిచూడమని లెక్కల మాస్టారిని అడగండి" అని పంపారు. మేం రెండు రోజులు గుణించాం. వచ్చింది 1,84,46,74,40,73,70,95,51,615. ఒక్క అంకె తేడా లేదు!

లెక్కల మాస్టారు ఇంకో కిటుకు చెప్పారు. గిద్ద నుంచి అడ్డ దాకా అన్నీ కలిపితే 63, అంటే కుంచానికి ఒక్క గిద్ద తక్కువ. అలాగే 64 గడుల మొత్తం, లేని 65వ గడికి ఒకటి తక్కువ. పరీక్షలంటే వణికే నేను ఆ రోజు భయం మరిచిపోయాను. ఏళ్ల తర్వాత ఉద్యోగంలో, 64 బిట్ల కంప్యూటర్ పట్టగల అతి పెద్ద పూర్ణసంఖ్యగా అదే అంకెల వరుస తెరమీద కనిపించింది. పక్కనున్నవాళ్లకు అది వట్టి సంఖ్య. నాకు మన బడి, వాన, సుద్దముక్క.

1957 ఏప్రిల్ 1న నయాపైసలు వచ్చాయి. రూపాయి 100 పైసలైంది. పావలాకు 25 కుదిరింది గానీ అణాకు ఆరుంపావు వచ్చి తంటా పెట్టింది. దశాంశ పద్ధతి దేశానికి మేలే చేసింది, దాన్ని తప్పుపట్టను. పాత లెక్క మాత్రం మాటల్లో మిగిలిపోయింది: పదహారణాల తెలుగు, వీసమెత్తు. ఆ పాత భిన్నాంకెలకూ తూము గుర్తుకూ 2008లో యూనికోడ్‌లో చోటు దొరికింది. నాయనమ్మ కొలత ఇప్పుడు ప్రపంచంలోని ప్రతి కంప్యూటర్‌కూ తెలిసిన అక్షరం.

మిత్రులారా, ఈ స్వర్ణోత్సవానికి గదులు కట్టిస్తాం, ఫ్యాన్లు ఇస్తాం, మంచిదే. దాంతోపాటు మీ అటకమీద సోలో తవ్వో కుంచమో ఉంటే బడికి తెచ్చివ్వండి. లెక్కలు రావని ఏడ్చే ఆరో తరగతి పిల్లల ముందు బియ్యం రాశి పోసి, 45 గిద్దలు కొలవమందాం. కొలత వచ్చిందంటే లెక్క వచ్చినట్లే.