ద్రాక్షపండు: ఒక అణువు కథ

పండ్లన్నింటిలోకీ ద్రాక్ష శ్రేష్ఠమని చరక సంహిత చెప్పింది. ఆ మంచితనం పండంతటిలోనూ ఉందా, లేక అందులోని ఏదో ఒక రసాయనంలో ఉందా? గత శతాబ్దంలో శాస్త్రజ్ఞులు ఈ ప్రశ్నకు జవాబు వెతికారు. ఆ అన్వేషణ చరిత్ర మనకు ద్రాక్ష గురించే కాదు, విజ్ఞానశాస్త్రం నడిచే తీరు గురించి కూడా చెబుతుంది.

మొక్కకు కవచం

1939లో జపాన్ శాస్త్రజ్ఞుడు మిచియో తకావోకా ఒక విషపు మొక్కనుంచి కొత్త పదార్థాన్ని వేరుచేశారు. దాని పేరు రెస్వెరట్రాల్. 1976లో ల్యాంగ్‌కేక్, ప్రైస్ అనే పరిశోధకులు దీన్ని ద్రాక్ష ఆకుల్లో గుర్తించారు. బూజు సోకినప్పుడూ, అతినీలలోహిత కిరణాలు తగిలినప్పుడూ ద్రాక్షమొక్క ఆత్మరక్షణకోసం దీన్ని తయారుచేసుకుంటుంది. పండులో ఇది ముఖ్యంగా తొక్కలో ఉంటుంది. ఎర్ర వైన్‌ను తొక్కలతో సహా పులియబెడతారు కాబట్టి కొంత అందులోకీ చేరుతుంది.

పేరు వచ్చింది

ఫ్రెంచివారు వెన్న, జున్ను బాగా తింటారు. అయినా వారిలో గుండెజబ్బు మరణాలు తక్కువ. దీనికి కారణం వైన్ కావచ్చని ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు సెర్జ్ రెనో అన్నారు. 1991లో అమెరికా టెలివిజన్‌లో ఈ మాట ప్రసారం కాగానే అక్కడ ఎర్ర వైన్ అమ్మకాలు పెరిగిపోయాయి. మరుసటి సంవత్సరమే వైన్‌లో రెస్వెరట్రాల్ ఉందని తేలింది. 1997లో ఇది ఎలుకల చర్మంమీద కణితులను తగ్గించిందనీ, 2006లో కొవ్వు మేత తిన్న ఎలుకల ఆయుష్షు పెంచిందనీ ప్రయోగాలు వెల్లడించాయి. రెస్వెరట్రాల్ మాత్రలు అంగళ్లకెక్కాయి.

లెక్క కుదరలేదు

ఇక్కడ చిన్న లెక్క చేద్దాం. 2006 ప్రయోగంలో ఎలుకలకు కిలో బరువుకు రోజుకు సుమారు 22 మి.గ్రా. ఇచ్చారు. లీటరు ఎర్ర వైన్‌లో ఉండేది సగటున 2 మి.గ్రా. 60 కిలోల మనిషికి అదే మోతాదు కావాలంటే రోజుకు 600 లీటర్లు దాటుతుంది! పైగా మనం మింగిన రెస్వెరట్రాల్‌ను పేగులు, కాలేయం త్వరగా మార్చేస్తాయి. రక్తంలో మిగిలేది అత్యల్పం.

మామూలు మేత తిన్న ఎలుకల ఆయుష్షు పెరగలేదని 2008లో తెలిసింది. ఇటలీలోని కియాంతి ప్రాంతంలో 65 ఏళ్లు దాటిన 783 మందిని తొమ్మిదేళ్లు గమనించి, ఆహారంద్వారా అందే రెస్వెరట్రాల్‌కూ గుండెజబ్బులకూ, క్యాన్సర్‌కూ, మరణాలకూ సంబంధం కనిపించలేదని 2014లో ప్రకటించారు. ఇక మద్యం విషయంలో, ఏ మోతాదూ సురక్షితం కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో స్పష్టంచేసింది.

మళ్లీ పండు దగ్గరికి

మరి ద్రాక్ష మంచిది కాదా? 2013లో 1,87,382 మంది అమెరికన్ల ఆహార వివరాలు పరిశీలించారు. ద్రాక్ష, ఆపిల్ వంటి పండ్లను పండ్లుగా తిన్నవారిలో మధుమేహం తక్కువగా కనిపించింది. పండ్లరసాలు ఎక్కువగా తాగినవారిలో కాస్త ఎక్కువగా కనిపించింది. ఇది కార్యకారణ సంబంధానికి రుజువు కాదు, కానీ ఆలోచించదగ్గది. రసం వడకడితే పీచు, తొక్క పోయి చక్కెర మిగులుతుంది. 100 గ్రాముల ద్రాక్షలో సుమారు 80 గ్రాములు నీరు, 15 గ్రాములు చక్కెర. అందుకే మధుమేహం ఉన్నవారు మోతాదు చూసుకుని తినాలి.

ఒక్క అణువుకోసం వెతుకుతూ వెళ్లిన శాస్త్రజ్ఞులు చివరికి పండు దగ్గరికే తిరిగివచ్చారు. ఇది ఓటమి కాదు. ఆశ పుట్టించిన ఊహను కూడా పరీక్షకు నిలబెట్టడమే విజ్ఞానశాస్త్రం. ఈసారి ఏదైనా మాత్ర ప్రకటన మీ కంటబడితే మూడు ప్రశ్నలు వేయండి: ఎవరిమీద పరీక్షించారు? ఎంత మోతాదు? ఎంతకాలం?