పంటి ఖర్చు: ఇన్సూరెన్సు ఎందుకు చాలలేదు, రాయితీ కార్డు ఎట్లా వచ్చింది



ఈమధ్య మనవాళ్ళు చాలామంది ఒకే ప్రశ్న అడుగుతున్నారు. పంటి క్లినిక్కులు కొన్ని ఇంటికి ఇంత అని ఏడాది చందా కట్టించుకుని, చేతికి ఒక కార్డు ఇచ్చి, వైద్యంలో ఇంత శాతం తగ్గిస్తామంటున్నాయి. ఇది ఇన్సూరెన్సేనా? తీసుకోవచ్చా? ఇన్సూరెన్సు కాదు. అట్లాగని పనికిరానిదీ కాదు. ఎందుకో తెలియాలంటే దీని చరిత్ర కొంచెం చూడాలి. ఆ చరిత్ర ఎక్కువగా అమెరికాలో నడిచింది. దాని తొలి అడుగుల్లో ఒకటి మనలాంటి రైల్వేవాళ్ళదే.

1860ల చివర కాలిఫోర్నియాలో సెంట్రల్ పసిఫిక్ రైల్వే కంపెనీ శాక్రమెంటోలో తన కార్మికులకు ఆసుపత్రి ఏర్పాటు చేసుకుంది. ఖర్చుకని ఒక్కొక్కరి జీతంలోంచి నెలకు అర డాలరు పట్టుకునేవాళ్ళు. జీతంలో పట్టుబడి అంటే ఏమిటో మన రైల్వే కుటుంబాలకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

తర్వాతి పెద్ద అడుగు 1929లో డాలస్‌లో పడింది. ఇప్పుడు మన పిల్లలు ఎంతోమంది ఉన్న ఊరే. అక్కడి బేలర్ యూనివర్సిటీ ఆసుపత్రి వ్యవహారాలు చూసే జస్టిన్ ఫోర్డ్ కింబల్ అంతకుముందు ఆ ఊరి బళ్ళకు సూపరింటెండెంటు. టీచర్లు ఆసుపత్రి బిల్లు కట్టలేక బాకీ పడటం చూసి ఆయన ఒక ఏర్పాటు చేశాడు. నెలకు అర డాలరు కడితే ఏడాదిలో 21 రోజులు ఆసుపత్రిలో ఉండొచ్చు. బ్లూ క్రాస్ అనే పెద్ద ఇన్సూరెన్సు వ్యవస్థ దీని నుంచే పెరిగింది.

ఇందులో పన్ను లేదు. ఇన్సూరెన్సు లెక్క ఏమిటంటే, వెయ్యిమంది కడతారు, పదిమందికి పెద్ద కష్టం వస్తుంది, ఆ పదిమందికీ అందరి డబ్బూ సాయపడుతుంది. పంటి సంగతి అట్లా కాదు. పుచ్చుపన్ను ఇంచుమించు అందరికీ వస్తుంది. ఖర్చు ప్రాణం మీదికి వచ్చేంత పెద్దది కాదు, జేబుకు తెలియనంత చిన్నదీ కాదు. పైగా వాయిదా వేసుకోవచ్చు. పాలసీ తీసుకున్న మరునాడే వెళ్ళి ఏళ్ళ నాటి పనంతా చేయించుకోవచ్చు. అందుకే ఇన్సూరెన్సు కంపెనీలు దీని జోలికి రావడానికి చాలాకాలం వెనకాడాయి.

ఆ దారి తెరిచింది రేవు కార్మికులు. 1954లో అమెరికా పసిఫిక్ తీరంలో రేవు కార్మికుల సంఘం, ఓడల యజమానులు కలిసి నడిపే సంక్షేమ నిధి నుంచి కార్మికుల పిల్లలకు పంటి వైద్యం మొదలుపెట్టారు. ముందు పిల్లలకే ఇచ్చారు, పెద్దలకు కాదు. పుచ్చు చిన్నగా ఉన్నప్పుడే పూడిస్తే ఖర్చు తక్కువ కదా. వాళ్ళకోసమని వాషింగ్టన్, ఓరెగన్, కాలిఫోర్నియా రాష్ట్రాల్లో పంటి డాక్టర్లు కలిసి లాభాపేక్ష లేని సంస్థలు పెట్టుకున్నారు. తర్వాత డెల్టా డెంటల్ అయినవి ఇవే.

కంపెనీలు కూడా వచ్చాయి గానీ కంచెలు కట్టుకుని వచ్చాయి. శుభ్రం చేయడానికి పూర్తిగా ఇస్తాం, పూడ్చడానికి ఎనభై శాతం, క్యాపుకు సగమే అన్నాయి. పెద్ద పనికి కొన్ని నెలలు ఆగాలన్నాయి. ఏడాదికి మొత్తం ఇంతే అని హద్దు గీశాయి. 1970ల్లో ఆ హద్దు సుమారు వెయ్యి డాలర్లు. ఈనాటికీ చాలా పాలసీల్లో అది వెయ్యి, రెండువేల మధ్యనే ఉంది. డాక్టర్ ఫీజు మాత్రం ఎన్నో రెట్లు పెరిగింది. వృద్ధుల కోసం 1965లో వచ్చిన మెడికేర్ చట్టం మామూలు పంటి వైద్యాన్ని బయటే ఉంచింది. రిటైరైనవాళ్ళకు ఉద్యోగంతో పాటు పంటి పాలసీ కూడా పోయేది.

ఆ ఖాళీలోకి వచ్చిందే రాయితీ పథకం. ఒక సంస్థ డాక్టర్లతో మాట్లాడి ఏ పనికి ఎంత అని ధరల పట్టిక ఖాయం చేస్తుంది. సభ్యుడు ఏడాది చందా కట్టి, తగ్గిన ధరను నేరుగా డాక్టర్‌కే ఇస్తాడు. క్లెయిమ్ కాగితం లేదు, ఎదురుచూపు లేదు, ఏడాది హద్దు లేదు. డాక్టర్‌కు ఖాళీ కుర్చీ నిండుతుంది, డబ్బు అక్కడికక్కడే వస్తుంది. లోపం కూడా అక్కడే ఉంది. బిల్లులో ఒక్క పైసా ఆ సంస్థ కట్టదు. దీన్ని ఇన్సూరెన్సని చెప్పి అమ్మినవాళ్ళూ ఉన్నారు. అందుకే అక్కడ చాలా రాష్ట్రాలు, ఇది ఇన్సూరెన్సు కాదని స్పష్టంగా రాయాలని చట్టాలు చేశాయి.

ఇక మన దేశం. 1920లో కలకత్తాలో మొదటి పంటి వైద్య కళాశాల పెట్టిన రఫీయుద్దీన్ అహ్మద్ అమెరికాలోని అయోవాలో చదివివచ్చినవారే. 1948లో డెంటిస్టుల చట్టం వచ్చింది. 1953లో మద్రాసులో ప్రభుత్వ పంటి వైద్య కళాశాల మొదలైంది. చదువు వచ్చింది, డాక్టర్లు వచ్చారు. ఖర్చుకు మాత్రం దారి పడలేదు. మన ఆరోగ్య పాలసీలు చాలావరకు ప్రమాదంలో దెబ్బ తగిలి ఆసుపత్రిలో చేరితే తప్ప పంటికి ఇవ్వవు. మర్రి ఊడ, వేపపుల్ల పంటికి బలమని తమిళ బళ్ళో మాకు నేర్పారు. అంతకు మించితే మన పెద్దలకు తెలిసిన వైద్యం ఒకటే, నొప్పి పుడితే పీకించేయడం. ఇవాళ మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళు చాలామంది నమలలేక రసం అన్నంతో సరిపెట్టుకుంటున్నారంటే కారణం వయసు ఒక్కటే కాదు, వాయిదా కూడా.

కార్డు తీసుకునే ముందు ఒక లెక్క వేయండి. ఉదాహరణకు చందా 1,000 రూపాయలు. రూట్ కెనాల్, క్యాపు కలిపి 10,000. ఇరవై శాతం తగ్గితే 8,000. చందాతో కలిపి 9,000. అదే పని పక్కవీధిలో కార్డు లేకుండా 7,500కే చేస్తుంటే ఆ కార్డు వల్ల 1,500 నష్టం. కాబట్టి ఎంత శాతం తగ్గిస్తారని అడగొద్దు, ఏ పనికి చివరకు ఎంత అని రాతలో అడగండి. ఎక్స్‌రే, మందులు, క్యాపు తయారుచేసే ల్యాబు ఖర్చు అందులో చేరాయా, క్లినిక్ మూతపడితే చందా గతి ఏమిటి అనేవి కూడా అడగండి. చందా కూడా కట్టలేనివాళ్ళకు ప్రభుత్వ పంటి ఆసుపత్రి ఉంది. అక్కడ క్యూలో నిలబడటం చిన్నతనం కాదు.

డాలస్ టీచర్లకు గానీ రేవు కార్మికులకు గానీ వైద్యం అందింది గుంపుగా వెళ్ళడం వల్లే. ఒక్కొక్కరం వెళితే వాళ్ళు చెప్పిందే ధర. మన సంఘంలోని కుటుంబాలన్నీ కలిసి, రెండు మూడు క్లినిక్కుల దగ్గర ధరల పట్టిక రాయించుకుని, పోల్చి చూసి మాట్లాడితే ధర చెప్పేది మనమవుతాం. ముందు పిల్లల పళ్ళతో మొదలుపెడదాం. వచ్చే మీటింగులో ఈ విషయం పెడదామా? మీ అభిప్రాయం చెప్పండి.